వంగి తుడిచేవాళ్ల షీల్డు

మా పెద్దమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుంది. జిరాక్స్ షాపు నడుపుతుంది. ఎవరైనా కాగితాలు నలిపి తెస్తే నాలుగు చీవాట్లు పెట్టిగానీ కాపీ తియ్యదు. ఆవిడ చెల్లెలే మా అమ్మ. ఆసుపత్రిలో ఆయా, నోట్లో నాలుక లేని మనిషి.

జబ్బు ఊరంతా పాకిన రోజుల్లో ఆసుపత్రికి ఫేస్ షీల్డులు వచ్చాయి. డాక్టర్లకి ఇచ్చారు, నర్సులకి ఇచ్చారు. రోగుల వాంతులు ఎత్తి గచ్చు కడిగే ఆయాలకి మాత్రం తర్వాత చూద్దామన్నారు. నాకు ఒళ్లు మండింది. అమ్మ మాత్రం "వాళ్లకే చాల్లేదేమోలే" అంది.

ఆ మాట వినగానే పెద్దమ్మ మూసేసిన షాపు షట్టరు సగం ఎత్తి మా ఇద్దరినీ లోపలికి లాగింది. "వాళ్లు ఇచ్చేదాకా ఉత్త మొహంతో తిరుగుతావా? నా దగ్గర బోలెడు ప్లాస్టిక్ షీట్లున్నాయి."

ముందు ప్రొజెక్టరుకి వాడే పల్చటి షీటు తీసింది. పట్టుకోగానే వేలాడిపోయింది. ఖాళీ లామినేషన్ కవరు మిషన్లో పెట్టి తీస్తే గట్టిగానే వచ్చింది గానీ, అందులోంచి చూసేసరికి నాకు కళ్లు తిరిగాయి. చివరికి బైండింగుకి పై అట్టగా వేసే షీటు నా మొహానికి అడ్డం పెట్టింది.

"గడ్డం మీద మొటిమ కూడా కనిపిస్తోంది. ఇదే."

పరీక్షకి నా మొటిమే దొరికింది ఆవిడకి.

స్కేలు ఆనించి బ్లేడుతో కోసింది. గుచ్చుకోకుండా మూలలు గుండ్రం చేసింది. నుదుటి దగ్గర స్పాంజి అంటించి, ఎలాస్టిక్ బిగించి, నాకు పెట్టి చూసి మురిసిపోయింది.

మర్నాడు అమ్మ డ్యూటీ నుంచి దిగాలుగా వచ్చింది. వంగి తుడిచినప్పుడల్లా షీటు అంచు గుండెలకి తగిలి, మొత్తం పైకి లేచిపోతోందట. నిలబడ్డ నాకు కొలత చూసి, వంగి పనిచేసే మనిషికి కోసింది పెద్దమ్మ. తప్పు ఆవిడది, తిట్లు నాకు. "కర్రలా నిలబడకపోతే కాస్త వంగి చూడొద్దూ?"

ఈసారి అమ్మ చేత షాపంతా తుడిపించి, వంగి ఉండగానే షీటు మీద గడ్డం కిందికి పెన్నుతో గీత గీసి, అక్కడికి కోసేసింది. ఇక ఎంత వంగినా షీల్డు కదల్లేదు.

తర్వాతి రోజు అమ్మతో మేమూ వెళ్లాం. అమ్మ బకెట్ పట్టుకుని వార్డు మెట్లెక్కబోతే సూపర్‌వైజర్ ఆపాడు.

"ఇళ్లల్లో చేసినవి లోపలికి ఒప్పుకోం. తీసెయ్యి."

"మరి మీరిస్తారా సార్?" అంది అమ్మ.

"వచ్చినప్పుడు ఇస్తాం."

"అయితే అవి వచ్చాకే ఇది తీస్తాను."

"తియ్యకపోతే ఇంటికి పో. మళ్లీ రావక్కర్లేదు."

ఆ జీతం మీదే మా ఇల్లు గడుస్తోంది. పెద్దమ్మ నోరు తెరవబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"సరే, వెళ్తాను. వార్డు ఎవరు కడుగుతారో మీరే చూసుకోండి సార్."

ఆయన వార్డు వైపు చూశాడు, అమ్మ చేతిలో బకెట్ వైపు చూశాడు. కాసేపు గొణిగి, "సరే, నువ్వు పెట్టుకో. పద లోపలికి" అన్నాడు.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అమ్మ మాత్రం కదల్లేదు. వెనక ఉత్త మొహాలతో నిలబడ్డ తోటి ఆయాలని చూసి, బకెట్ కింద పెట్టి మెట్టు మీద కూర్చుంది. ఒక్కొక్కరే వచ్చి వాళ్లూ ఆవిడ పక్కన కూర్చున్నారు.

"అక్కా, వీళ్లందరికీ కోసుకురా. అందాకా మేం ఎవరం లోపలికి వెళ్లం."