వంతు లేని బంధువులు

ఇజ్రాయెల్ సైన్యం బీరూట్ నగరాన్ని చుట్టుముట్టిన రోజుల్లోనే ఆ ఏడు గోదావరికి ఎర్రనీరు వచ్చింది. ఎక్కడి బీరూట్, ఎక్కడి గోదావరి. కానీ ఆ రెండింటి మీదా నాకు వచ్చిన కోపం ఒకటే, ఇప్పటికీ తగ్గలేదు.

అప్పుడు నేను కొవ్వూరులో డిగ్రీ చదువుతున్నాను. మా జాలరిపేట నుంచి కాలేజీకి వెళ్ళిన మొదటి ఆడపిల్లని కాబట్టి పేపరు చదివి వినిపించే పని నాకే పడింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మగవాళ్ళంతా రేవు పక్కనున్న రేకుల షెడ్డులో వలలు బాగుచేసుకుంటూ కూర్చునేవారు. మధ్యలో మా నాన్న. ఆయన పేటకి పెద్ద. అక్షరం ముక్క రాదు గానీ, లోకంలో ఎక్కడ ఎవరికి అన్యాయం జరిగినా ఆయనకి ఆ పూటే తెలియాలి.

షెడ్డు బయట, ఎండలో, ఒక మనిషి కూర్చునేవాడు. ఆయన నాకు మావయ్య వరస. మూడేళ్ళ కిందట వరదకి ఏటి మధ్యనున్న వాళ్ళ లంక కోసుకుపోతే పదిహేను కుటుంబాలు మా రేవుకి వచ్చి పడ్డాయి. అందరూ మా కులంవాళ్ళే, మాకు పిల్లల్ని ఇచ్చి పుచ్చుకున్నవాళ్ళే. గట్టు మీద తాటాకు గుడిసెలు వేసుకున్నారు. ఆ తర్వాత లంక మళ్ళీ తేలింది. వీళ్ళు వెళ్ళేసరికి ఎవరో మోతుబరులు కంచె కట్టి పొగాకు వేసేశారు.

మా నాన్న ఊరుకున్నాడా? ఊరుకోలేదు. ఆఫీసరు ఎవరొచ్చినా గట్టు మీదికి తీసుకెళ్ళి గుడిసెలు చూపించేవాడు. నా చేత అర్జీలు రాయించేవాడు. "మా బంధువులు నీడ లేక ఎండకి ఎండి వానకి తడుస్తున్నారు" అని నేను ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేదాన్ని. అలా రాసిన ఒక అర్జీకే ఈ రేకుల షెడ్డు శాంక్షనైంది. వచ్చాక అందులో పేటవాళ్ళు కూర్చున్నారు. నేనూ అందులోనే కూర్చుని పేపరు చదివాను. అప్పట్లో అది నాకు తప్పుగా తోచలేదు.

లంకవాళ్ళకి కావలసింది షెడ్డు కాదు, ఏట్లో వంతు. మంచి ధర పలికే పులస చేపలు సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చే ఆ రెండు మూడు నెలలూ మా రేవులో ఎవరికి తోచినచోట వాళ్ళు వల వేయడానికి లేదు. ప్రతి అమావాస్యకీ, పున్నానికీ గంగమ్మ గుడి ముందు కొత్త కుండలో పేర్ల చీటీలు వేసి, ఓ చిన్నపిల్ల చేత తీయిస్తారు. పేరొచ్చినవాళ్ళకి మంచి చోట్లు. కుండలోంచి వచ్చిన పేరు అమ్మవారు పలికిన పేరు, దానికి తిరుగు లేదు. చీటీలు రాసేదీ, వచ్చిన పేర్లు చదివేదీ కూడా నేనే.

లంకవాళ్ళ పేర్లు ఒక్కసారీ కుండలో పడలేదు. కుండలో పేరు లేనివాళ్ళు ఏడాది పొడుగునా మా రేవులో నావ దింపకూడదు. మావయ్య నావ మూడేళ్ళుగా గట్టు మీద బోర్లించే ఉంది. నీళ్ళు తగలని చెక్క ఎండకి విచ్చుకుంటుంది. పలకల మధ్య సందుల్లో అప్పటికే నా చిటికెనవేలు దూరేది. ఆ ఏడు కూడా నీళ్ళలో దిగకపోతే అదిక పనికిరాదని అందరికీ తెలుసు.

ఆ రోజు పేపర్లో ఒక పెద్ద వ్యాసం వచ్చింది. పాలస్తీనా వాళ్ళు ఇళ్ళూ పొలాలూ పోగొట్టుకుని ముప్పై నాలుగేళ్ళయిందట. చుట్టూ ఉన్న అరబ్బు ప్రభుత్వాలన్నీ వాళ్ళని సోదరులు అంటాయి. సభలు పెడతాయి, తీర్మానాలు చేస్తాయి. ఒక్క దేశం తప్ప దాదాపు ఎవరూ వాళ్ళకి పౌరసత్వం ఇవ్వలేదు. ఆ ఇచ్చిన రాజు కూడా పన్నెండేళ్ళ కిందట వాళ్ళ శిబిరాల మీదే ఫిరంగులు పేల్చాడు. తొమ్మిదేళ్ళ కిందట వాళ్ళ పేరు చెప్పి అరబ్బు దేశాలు చమురు అమ్మకుండా బిగబట్టాయి. అప్పుడు మా పేటలో లాంతరులోకి కిరసనాయిలు దొరక్క ఎంత అవస్థ పడ్డామో షెడ్డులో అందరికీ గుర్తే. ఇప్పుడు వాళ్ళు తలదాచుకున్న బీరూట్ మీద బాంబులు పడుతుంటే చమురు మాటే ఎవరూ ఎత్తడం లేదు.

"ఎందుకివ్వరంట పౌరసత్వం?" అన్నాడు నాన్న.

"ఇస్తే వాళ్ళక్కడే స్థిరపడిపోతారట నాన్నా. సొంత భూమి మీద హక్కు పోతుందట. వాళ్ళ మంచికే ఇవ్వడం లేదంటున్నారు."

నాన్న చేతిలో వల కిందకి విసిరికొట్టాడు. "ఇదేం మంచే? సొంతోళ్ళని ముప్పయ్యేళ్ళు గుడారాల్లో కూర్చోబెట్టి, ఊరందరికీ చూపించుకుని పెద్దమనుషులైపోవడమా? సిగ్గుండాలి ఆ రాజులకి."

షెడ్డంతా అవునంది. నేనూ అన్నాను. అప్పుడు బయటినుంచి మావయ్య అడిగాడు.

"పనైనా చేసుకోనిస్తారా అమ్మాయ్, వాళ్ళని?"

"కొన్నిచోట్ల చాలా పనులు చెయ్యనివ్వరట మావయ్యా."

ఆయన నాన్నవైపు చూసి నెమ్మదిగా అన్నాడు. "మొన్న నేను వంతు అడిగితే మీరు చెప్పిందీ అదే కదండీ బావగారూ. ఇక్కడ వంతిస్తే లంక మీద మా హక్కు పోద్దన్నారు."

"అది వేరు, ఇది వేరు" అని నాన్న మళ్ళీ వల అందుకున్నాడు.

వేరు ఏమీ కాదు. అసలు సంగతి పులస. పదిహేను పేర్లు కుండలో పడితే పేటవాళ్ళ వంతులు ఆ మేరకు తగ్గుతాయి. అది పైకి చెప్పలేక హక్కులని, న్యాయమని కబుర్లు చెప్పారు. ఆ రాజుల సంగతీ ఇంతేనని నాకు ఆ క్షణాన అర్థమైంది. బాంబులు వేసేవాడి మీద ఎటూ కోపం వస్తుంది. అన్నా తమ్ముడా అంటూ గుమ్మం బయట కూర్చోబెట్టేవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఆ అమావాస్యకి చీటీలు రాస్తూ మావయ్య పేరు కూడా రాసి కుండలో వేశాను. ఎవరినీ అడగలేదు. పొద్దున్నే గుడి ముందు పిల్ల తీసిన మూడో చీటీ అదే. పైకి చదివాను.

పేటంతా నాన్న మొహం చూసింది. నాన్న నా మొహం చూశాడు.

"ఆ చీటీ చెల్లదు. మళ్ళీ తియ్యి."

పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి అమ్మవారి కుండ ముందు ఆ మాట ఎవరి నోటా నేను వినలేదు. ఒక్క ముసలాయనైనా అదేంటని అడుగుతాడని చూశాను. అడగలేదు. పిల్ల మళ్ళీ చెయ్యి పెట్టింది. మావయ్య తలగుడ్డ దులుపుకుని గట్టెక్కి వెళ్ళిపోయాడు.

తర్వాత పది రోజులు నేను పేపరు ముట్టుకోలేదు. బీరూట్ నుంచి పాలస్తీనా పోరాటగాళ్ళని ఓడలెక్కించి పంపేస్తున్నారని, ఎవరు ఎందర్ని రానిస్తారో తేలడానికే అరబ్బు ప్రభుత్వాలు వారాల తరబడి నాన్చాయని కాలేజీలో విన్నాను. నాన్న కబురు మీద కబురు పెడితే ఒక మధ్యాహ్నం షెడ్డుకి వెళ్ళాను. పేపరు మడతలో మా పాత అర్జీ నకలు పెట్టుకుని, పేపర్లో వార్తలాగే అది చదివాను.

"అయ్యా, వీరు పరాయివారు కారు, మా రక్తసంబంధీకులు. సొంత నేల పోయి ఇన్నేళ్ళుగా మా కళ్ళ ముందే దిక్కులేక పడి ఉన్నారు. వీరిని చూస్తూ మాకు ముద్ద దిగడం లేదు..."

వల కుడుతున్న ఒక ముసలాయన నిట్టూర్చాడు. "అయ్యో పాపం. ఏ దేశపు రాజు రాశాడమ్మా ఇది?"

నేను పేపరు మడిచేశాను. ఆ మాటలు చెప్పి రాయించిన మనిషికి అవి గుర్తున్నాయి. నాన్న లేచి, ఎవరివైపూ చూడకుండా ఇంటికి వెళ్ళిపోయాడు.

పున్నానికి ముందురోజు నేను చీటీలు కత్తిరిస్తుంటే పక్కనే నిలబడి, "బావ పేరు కూడా రాయి. మిగతావాళ్ళవీ రాయి" అన్నాడు. కాగితాలు అక్కడే వదిలేసి గట్టు మీదికి పరిగెత్తాను.

అత్తయ్య గుడిసె ముందు అన్నం వండుతోంది. పొయ్యిలో మండుతున్నవి నావ పలకలు. తారు పూసిన చెక్క కదా, మంట బాగా లేచింది. నేను సంగతి చెబితే మావయ్య అంతా విన్నాడు. నా మీద కోపం చూపించలేదు.

"సంతోషమేనమ్మా" అన్నాడు. "మరి దేని మీద వెళ్ళమంటావు?"