చిలుకకు చప్పుడు, కోతికి మొహం

ఈ పొద్దున మా గోడ మీద ఒక కోతి కూర్చుని నన్నే చూసింది. పక్కనే తీగ మీదున్న రామచిలుక మాత్రం నేను తలుపు తీసిన చప్పుడుకే ఎగిరిపోయింది. నెక్కొండ దగ్గర మా అవ్వ మక్కచేను గుర్తొచ్చింది. మీరూ చిన్నప్పుడు మంచె ఎక్కి రేకు డబ్బా కొట్టారు కదా?

నేను డబ్బా కొడితే చిలుకలన్నీ లేచిపోయేవి. కోతులు మాత్రం నా మొహం చూసి, భయపడుతున్నానని తెలుసుకుని, తీరిగ్గా మొక్కజొన్న కంకులు విరుచుకునేవి. తాత కనిపిస్తే చాలు, పరుగే.

"మిగిలిన నాలుగు సాళ్లన్న కాపాడు బిడ్డా. అవి గూడ పోతే మనకు తిననీకి గింజ ఉండది" అంది అవ్వ ఒకరోజు.

తాతలా కనిపించాలని నేను తాత అంగీ తొడుక్కున్నాను. అయినా కోతులు దగ్గరికే వచ్చాయి. అప్పుడు తువ్వాలతో కళ్లు తప్ప మొహమంతా చుట్టుకుని డబ్బా కొట్టాను. పెద్ద కోతి నన్ను తేరిపార చూసింది. ఏమనుకుందో ఏమో, గుంపుతో సహా గట్టు దాటిపోయింది.

ఇంతలో వెనక నుంచి అవ్వ కేక వేసింది. "ఎవడ్రా నా చేన్ల? కంకులు ఇరుసుకపోతానవా? కాళ్లిరగ్గొడ్త!"

"అవ్వా, నేనే!" అంటూ తువ్వాల తీశాను.

అవ్వ గుండె మీద చెయ్యి పెట్టుకుని కూలబడింది. "నువ్వానే! నేనే బెదిరిన, ఇగ కోతులుంటయా?"