గొంగడిలో గొర్రెపిల్ల

సహోదరులారా, సహోదరీలారా, మన చర్చిలో బలిపీఠం వెనుక గోడకున్న రాతి కాపరిని చెక్కింది ఈ చెయ్యే. మొదట చెక్కిన గొర్రెపిల్లను పగలగొట్టిందీ ఈ చెయ్యే. ఆ రెండూ చెప్పడానికే మీ ముందు నిలబడ్డాను.

నా పేరు ఎల్లయ్య. తాండూరులో ఇళ్ల గోడలకు పేర్లు, సమాధులకు సిలువలు చెక్కేవాణ్ణి. పొద్దున లేస్తూనే మందు పడకపోతే నా చెయ్యి వణికేది, గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికేవి, ఉలి పట్టుకుంటే అక్షరం వంకర పోయేది, తాగితే మాత్రం కుదురుగా ఉండేది, అందుకే తాగుడు కూడా నాకొక పనిముట్టే అనుకొనేవాణ్ణి. ఎంత మూర్ఖుణ్ణో చూడండి. నా భార్య సుశీల ప్రతి ఆదివారం ఇక్కడికొచ్చి నా కోసం ఏడ్చేది, ఇంటికి రాగానే నేను తిట్టేవాణ్ణి.

ఆమె బతిమాలితేనే మన పాస్టరు అయ్యగారు నాకు, ప్రభువును మంచి కాపరిగా చూపే ఈ బొమ్మ పని ఇచ్చారు. అంతా చెక్కాను, కాపరి రొమ్ముకు హత్తుకున్న గొర్రెపిల్ల ముఖం ఒక్కటే మిగిలింది. ఆ పొద్దున రెండు గ్లాసులు ఎక్కువ పట్టించి ఉలి ఆనించాను. మన తాండూరు బండ పొరలు పొరలుగా ఉంటుందని మీకు తెలుసు. దెబ్బ లోతుగా పడింది, పొర లేచింది, గొర్రెపిల్ల మొత్తం పెచ్చుగా ఊడి నా ఒళ్లో పడింది, కాపరి రొమ్ము మీద గుంత మిగిలింది.

బండే మంచిది కాదని అయ్యగారికి అబద్ధం చెప్పాను. ఆయన నా నోటి వాసన పసిగట్టారు గానీ తిట్టలేదు.

"ఎల్లయ్యా, గొర్రెపిల్ల పోయింది గని కాపరి ఉన్నడు గద. గా గుంతల్నే మల్ల చెక్కు. తాగి మాత్రం ముట్టకు."

"తాగకుంటే చెయ్యి నిలవది అయ్యగారూ."

"వణుక్కుంటనే రా. నేను పక్కన కూసుంట."

తాగుడు మాన్పించడానికి సుశీల నన్ను వికారాబాద్ ఆస్పత్రిలో చేర్పించింది. తిరిగొచ్చినా వణుకు పూర్తిగా పోలేదు. గోడ ముందు మోకరించి, "ప్రభువా, ఈ చెయ్యి నా మాట వినదు, నీ మాటన్నా విననియ్యి" అని ప్రార్థించాను.

అప్పుడు గొర్రెలు కాసిన మా నాయన గుర్తుకొచ్చాడు. బలమున్న పిల్లలను నడిపించేవాడు, నడవలేని పిల్లను గొంగడి మడతలో వేసుకొనేవాడు, మూతి ఒక్కటే బయటికి కనిపించేది. ఆ గుంతలో అదే చెక్కాను. నా చెయ్యి వణికి పడిన చిన్న చిన్న గాట్లన్నీ గొంగడి ఉన్నిలాగే వచ్చాయి సహోదరులారా, కుదురైన చెయ్యి అయితే అంత బాగా చెక్కలేకపోయేది!

సుశీల చాలాసేపు చూసి, "గా పిల్ల నువ్వే గద" అన్నది. నాకు ఏడుపు ఆగలేదు. ఆనాటి నుంచి నేను మందు ముట్టలేదు, పరలోకపు తండ్రికి వందనాలు, దేవునికే మహిమ.

మీలో ఎవరైనా బాగుపడిన తర్వాత ప్రభువు దగ్గరకు వద్దామని ఆగి ఉంటే, ఆగకండి. వణుకుతూనే రండి. నడవలేని పిల్లకే ఆయన గొంగడిలో చోటు.