గట్టు మీద కంప్యూటరు, దొరకని మాడ్యూలు

కృష్ణప్రియ దేన్నీ ఊరికే నమ్మదు. ద్వారకా తిరుమల వెళితే ఒక చెప్పు ఒక చోట, రెండోది ఇంకో చోట విడుస్తుంది. జత దొరక్కపోతే దొంగకి ఆశ పుట్టదని ఆమె లెక్క. దర్శనమయ్యాక ఎండలో ఒంటి చెప్పుతో రెండోదాన్ని వెతుక్కుంటూ తిరిగేదీ ఆమే. "నీకు స్వామివారు ప్రత్యక్షమైనా ముందు ఆధార్ కార్డు చూపించమంటావు" అంటాడు భర్త శ్యామ్ సుందర్. ఉంగుటూరులో లెక్కల మాస్టారాయన. ఆ మాటకి ఆమె నవ్వదు. చూపిస్తే తప్పేముందని ఆమె ఉద్దేశం.

అలాగని ఆమెని తీసిపారెయ్యడానికి లేదు. ఆ గుణమే ఆమెకి తిండి పెట్టింది. తాడేపల్లిగూడెంలో మేడ మీద చిన్న గదిలో ఆఫీసు. రైస్ మిల్లుల వాళ్లవీ, చేపల చెరువుల వాళ్లవీ కంప్యూటర్లు ఆమే చూస్తుంది. "మేమేం ముట్టుకోలేదండీ" అని ఎవరైనా అన్నారంటే, ఎక్కడో వేలు పెట్టే ఉంటారని ముందే అనుకుంటుంది. చాలాసార్లు అదే నిజమయ్యేది కూడా. దాంతో ఆ అనుమానం కాస్తా ఆమెకి తెలివిగా చలామణీ అయిపోయింది.

కొల్లేటికోట దగ్గర వెంకట్రాజు గారికి చేపల చెరువులున్నాయి. మబ్బు పట్టిన రోజుల్లో నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి చేపలు తేలిపోతాయి. అందుకే నీళ్లలో ఒక మీటరు, గట్టు మీద కాపలా ఉండే మకాంలో ఒక కంప్యూటరు పెట్టించుకున్నారు. మీటరు చెప్పిన రీడింగుని కంప్యూటరు దాచుకుంటుంది, తగ్గితే గంట మోగిస్తుంది. అది అమర్చినవాడు ఏలూరులో ఉండే రాజేష్. చుట్టుపక్కల చెరువుల్లో అలాంటివన్నీ అతని చేతి మీదుగా పెట్టినవే. అతనికి వేరే పని లేదు, ఇల్లు గడిచేది ఆ చెరువుల మీదే.

ఈ ఏడాది రాజుగారు కొత్త మీటరు కొన్నారు. దాని ప్రోగ్రాము నడవాలంటే పైథాన్ అనే కంప్యూటరు భాషలో కొత్త వెర్షన్ కావాలి. రాజేష్ రేపొస్తానన్నాడు, రాలేదు. రాజుగారు కృష్ణప్రియకి కబురు పెట్టారు.

"ఇక్కడ నెట్ లేదాండీ?" అని అడిగింది ఆమె, మకాంలోకి వస్తూనే.

"వద్దమ్మా. నెట్టంటూ తగిలిస్తే మన చేప ఎంత పెరిగిందో, మేత ఎంత వేస్తున్నామో కొనేవాళ్లకి తెలిసిపోదూ? మీ ఫోను కూడా దానికి తగిలించకండి."

రాజేష్ వచ్చినా అంతేనట. ఏది కావాలన్నా పెన్‌డ్రైవులో మోసుకు రావలసిందే. కృష్ణప్రియకి ఆ జాగ్రత్త ఎంతో నచ్చింది. ఇన్నాళ్లకి బుద్ధున్న మనిషి ఒకరు తగిలారనుకుంది.

ఆ పాత మిషనుకి సరిపడా తయారుగా దొరికే పైథాన్ లేదు. సోర్స్ తీసుకొచ్చి అక్కడే కంపైల్ చెయ్యాలి, అంటే వండిన అన్నం కాకుండా బియ్యం తెచ్చి ఆ పొయ్యి మీదే వండుకోవాలి. ఆఫీసులో ఒకసారి చేసి చూసుకుంది, చక్కగా వచ్చింది. గట్టు మీద కూడా ఎక్కడా ఆగకుండా పూర్తయింది. తీరా ప్రోగ్రాము నడిపితే, ఎస్‌క్యూలైట్ అనే మాడ్యూలు లేదని చెప్పి ఆగిపోయింది. రీడింగులు దాచుకునే భాగం అదే. అది లేకపోతే కొత్త మీటరు ఉన్నా లేనట్టే.

మొత్తం చెరిపేసి మళ్లీ కంపైల్ చేసింది. తెర మీద బారులు బారులుగా అక్షరాలు పరిగెడుతున్నాయి. ఆమె చూపు మాత్రం వాటి మీద లేదు. మేత బస్తాలు దింపడానికొచ్చిన మనిషి తీగల దగ్గర ఎందుకు తచ్చాడుతున్నాడా అని అతన్నే కనిపెట్టుకుని ఉంది. పని పూర్తయింది. మాడ్యూలు మాత్రం మళ్లీ లేదు.

"ఏవైందమ్మా?" అన్నారు రాజుగారు.

"ఆ మాడ్యూలు పాత పైథాన్‌లో ఉందండీ. మా ఆఫీసులో చేసినదాంట్లోనూ ఉంది. ఇక్కడ మాత్రం రావట్లేదు. ముందు చేసినాయన ఏదో తీసేసి ఉంటారండీ, మళ్లీ తననే పిలవాలని."

ఆమె అన్నది ఉంటారని. రాజుగారు ఫోనులో పక్క చెరువు వాళ్లతో అన్నది తీసేశాడని. సాయంత్రానికి ఆ మాట గట్లన్నీ తిరిగొచ్చింది. ఒకరి తరవాత ఒకరు రాజేష్‌కి ఫోన్ చేసి ఇక రావద్దన్నారు. నేనేం తీయలేదండీ అని అతను రాజుగారిని బతిమాలాడట. ఆ సంగతి విని కృష్ణప్రియ, "తీసినవాళ్లంతా అలాగే అంటారండీ" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమెకి కొంచెం గర్వంగా కూడా ఉంది.

అక్కడితో ఊరుకుంటే ఆమె కృష్ణప్రియ ఎందుకవుతుంది? సాక్ష్యం కావాలి. మర్నాడు మళ్లీ కంపైల్ మొదలుపెట్టి, రాజేష్ ఎక్కడ ఏం తీశాడో పట్టుకుందామని ఈసారి తెర మీంచి కళ్లు తిప్పకుండా కూర్చుంది. చివరికొచ్చేసరికి మిషను తనంతట తానే చెప్పింది. ఈ మాడ్యూళ్లు తయారు చెయ్యడానికి కావలసినవి దొరకలేదు అని, దాని కింద ఎస్‌క్యూలైట్ పేరు. మొదటిసారీ చెప్పే ఉంటుంది, రెండోసారీ చెప్పే ఉంటుంది.

అసలు సంగతి అప్పుడు తెలిసింది. ఉన్న మాడ్యూలు నడవడానికి కావలసిన ఫైళ్లు వేరు, కొత్తగా తయారు చేసుకోవడానికి కావలసినవి వేరు. ఆ రెండో రకం విడిగా తెచ్చి పెట్టుకోవాలి. నెట్ ఉన్నచోట ఒక్క ముక్క టైపు చేస్తే వచ్చేస్తాయి. ఆమె ఆఫీసు మిషనులోకి ఎప్పుడో వేరే పని మీద వచ్చి కూర్చున్నాయి. నెట్ మొహం చూడని ఈ మిషనులో అవి పుట్టినప్పటి నుంచీ లేవు. లేనిదాన్ని రాజేష్ ఏం తీస్తాడు? కృష్ణప్రియ సిగ్గుతో చితికిపోయింది.

ఆ మర్నాడు ఆ ఫైళ్లు పెన్‌డ్రైవులో తెచ్చింది. కంపైల్ చేసింది. మాడ్యూలు వచ్చింది, పరీక్షకి మోగించి చూస్తే గంట కూడా మోగింది. రాజుగారు సంతోషించారు.

"రాజేష్ గారు ఏమీ తీయలేదండీ. నేనే చూసుకోలేదు. ఆ మాట మీరు అందరికీ చెప్పాలండీ" అంది.

రాజుగారి మొహంలో సంతోషం తగ్గింది.

"మొన్న తీసేశాడన్నారు. ఇవాళ తీయలేదంటున్నారు. మధ్యలో అతను మీతో మాట్లాడాడా అమ్మా?"

"లేదండీ. కావాలంటే నా ఫోన్ చూడండి."

"చెరిపేసుకోవచ్చు కదమ్మా" అన్నారాయన, ఎంతో మెత్తగా.

ఆయన స్థానంలో తనున్నా ఆ ప్రశ్నే వేసేది. ఆయన దగ్గరే రాజేష్ నంబరు తీసుకుని, ఆయన ఎదురుగానే ఫోన్ చేసింది. తనెవరో చెప్పింది. తప్పు తనదేనని, మిషనులో ఆ ఫైళ్లు మొదటి నుంచీ లేవని, చెరువుల వాళ్లందరి దగ్గరికీ తనే వెళ్లి చెబుతానని చెప్పింది. అవతల రాజేష్ అంతా విన్నాడు. కోప్పడతాడనుకుంది. తిట్టినా పడదామనుకుంది.

"సరేనండీ" అన్నాడు అతను, తడబడుతూ. "ఈ మాటలు రికార్డు చేస్తున్నారాండీ? మళ్లీ నా మీద ఇంకేం పెడుతున్నారండీ?"

లేదండీ అని చెప్పింది. మళ్లీ చెప్పింది. అప్పటికే అతను ఫోన్ పెట్టేశాడు.