అడవి ఫెయిరీకి ఇనుము పడదు

పాప ఫోనులో కొత్త ఆట తెరిచి, "అమ్మా, ఏ ఫెయిరీని తీసుకోను? అడవి జాతివాళ్ళకు ఇనుము తగిలితే బలం పోతుందంట," అంది.

నా చిన్నప్పుడు దొడ్డబళ్ళాపురంలో, మా పాత కంప్యూటర్ ఆటలో అక్క ఎప్పుడూ ఆ అడవి ఫెయిరీయే. ఒకసారి అక్కకు జ్వరం వస్తే, గాలి సోకిందని అవ్వ దిండు కింద ఇనుప కత్తి పెట్టింది. అక్క బలం పోతుందని హడలిపోయి, నేను దాన్ని తీసి బియ్యం డబ్బాలో దాచాను.

తెల్లారేసరికి జ్వరం దిగింది. "కత్తి ఉండాది కదప్పా, అందుకే గాలి వదిలింది," అంది అవ్వ నాన్నతో. అక్క దిండు కింద తడిమి చూసుకుని, నా వైపు తిరిగి నవ్వింది.

అక్క చివరిసారి పడుకున్న ఆసుపత్రి మంచమంతా ఇనుమే. దాన్ని దాచడానికి నాకు చోటు దొరకలేదు.