కొండ దారికి ఏ ఆయిల్

రిటైరైన డ్రైవరు ఇంట్లో కుదురుగా కూర్చుంటాడనుకోవడం ఒట్టి అమాయకత్వం. వీధి చివరింటి పెద్ద డ్రైవరు నెల తిరక్కుండానే, తాను ఇన్నేళ్లూ తోలిన డీజిల్ ట్రక్కునే యజమాని దగ్గర కొనేశాడు. వెనక సరుకులుండే చోట ఒక మంచం, చిన్న పొయ్యి, మడతపెట్టే బల్ల బిగించాడు. కిటికీ ఒకటి కోయించాడు. దానికి తెర భార్య కుట్టింది.

ఆమెకు కొండ మీది మంచు చూపిస్తానని పెళ్లయిన కొత్తలో మాటిచ్చాడు మహానుభావుడు. ఎప్పుడడిగినా "ఈ ట్రిప్పు కానీ" అనేవాడు. ట్రిప్పులైతే అవుతూనే ఉన్నాయి, ఇద్దరి జుట్టూ నెరిసింది. ఇప్పుడామె మోకాళ్లు అరిగిపోయాయి. వచ్చే ఏటికి ట్రక్కు మెట్టు ఎక్కగలదని డాక్టరు కూడా మాటివ్వలేదు. వెళ్తే ఇప్పుడే వెళ్లాలి, లేదా ఆ ఊసే మానుకోవాలి.

తీరా చూస్తే ట్రక్కు పరిస్థితీ అంతే. ఇంజన్ లోపల బేరింగులు అరిగి టకటకమంటోంది. ఆమె తమ్ముడికి మెకానిక్ షెడ్డుంది. బావ పిలవగానే వచ్చి, చెవి ఆనించి విన్నాడు. ఆయిల్ డబ్బా మీద ఉండే రెండంకెల సంగతి బావకి తెలిసిందే అయినా మళ్లీ మొదటినుంచీ చెప్పాడు. మొదటిది చలిలో ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది, రెండోది వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. చిక్కటిది పోస్తే చప్పుడు అణుగుతుంది, ఎండ దారిలో ఆగకుండా పోవచ్చు. కానీ కొండ మీద చలికి అది బిగుసుకుపోయి, పొద్దున స్టార్ట్ చేస్తే ఆయిల్ పైభాగందాకా ఎక్కేలోపు ఇంజన్ పొడిగా తిరుగుతుంది. అసలే అరిగిన ఇంజన్, పట్టేసినా పట్టేస్తుంది. పల్చటిది పోస్తే చలికి భయం లేదు. అయితే ఎండలో చప్పుడు చేస్తుంది, ఆయిల్ కాస్త కాస్త తాగుతుంది, మాటిమాటికీ ఆగి చూసుకోవాలి.

పెద్ద డ్రైవరు అన్నిటికీ తలూపాడు. బావమరిది అటు వెళ్లగానే ఇటు చిక్కటి ఆయిల్ తెచ్చి పోసేశాడు. ఎందుకంటారా? ఆ టకటక వింటే ఆమె హడలిపోయి "వద్దులెండి" అంటుందని ఆయన భయం. పైగా దారిలో ఆగడమంటే ఆయనకి ఒళ్లు మంట. సరుకు వేళకి దించడం తప్ప వేరే ధ్యాస ఎరగని మనిషి.

ఇంజన్ గుట్టుగా తిరిగింది. సంబరపడిపోయి భార్యని పక్కన కూర్చోబెట్టుకుని ఊరి చివరదాకా తిప్పుకొచ్చాడు. ఆమె ముఖంలో మాత్రం కళ లేదు.

"దీనికేం చేశారు?" అంది.

ఆయన నీళ్లు నమిలాడు. ఏమీ చెయ్యలేదన్నాడు, సర్వీసింగన్నాడు.

"వీధి మలుపులో ఆ టకటక వినబడితే చాలు, పొయ్యి వెలిగించి నీళ్లు పెట్టేదాన్ని. మీరు హారన్ కొట్టక్కర్లేకపోయేది. నాకు తెలిసిన చప్పుడు నా దగ్గరే దాస్తారేమిటండీ?"

ఇక తప్పక ఉన్నదున్నట్టు చెప్పేశాడు. చలి సంగతి కూడా. ఆమె అంతా విని, "మోగితే మోగనివ్వండి, ఆగుతూ పోదాం. మన సరుకు కోసం ఎవరూ కాచుక్కూర్చోలేదుగా," అంది.

కొత్త ఆయిలంతా దింపి పల్చటిది పోస్తూ బావమరిది నానా చీవాట్లూ పెట్టాడు.

ఎండ దారిలో బండి టకటకమంటూనే పోయింది. కాసేపటికోసారి ఆపి, ఇంజన్ చల్లారాక ఆయిల్ మట్టం చూసే కొలకడ్డీ లాగి, గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి చూడటం, తగ్గితే కాస్త పోయడం ఆయన పని. నీడ చూసుకుని మడత కుర్చీ వేసుకోవడం ఆమె పని. మొదట్లో ఆయన ఒకటే సణుగుడు. ఒకచోట ఆగినప్పుడు రోడ్డు పక్క వాగుని చూసి, ఇది ఇంతకుముందు లేదే అని వాదించాడు. ఆ దారిన ఏళ్ల తరబడి తిరిగినవాడు! వాగులు కొత్తగా పుట్టుకురావని ఆమె పడీపడీ నవ్వింది. ఆ తర్వాత సణుగుడు తగ్గింది.

కొండ మీదికి చేరిన మర్నాడు పొద్దున కిటికీ నిండా మంచు. ఆమె తెర తీసి చూస్తుంటే, ఆయన దిగి ముందుకెళ్లి, గుండె చిక్కబట్టుకుని తాళం తిప్పాడు. ఇంజన్ మూలిగింది. మళ్లీ తిప్పాడు. ఇంకాస్త మూలిగి, అందుకుంది. టకటక మొదలైంది. ఆయన వెనక్కొచ్చి తలుపు తీసేసరికి ఆమె దుప్పటి కప్పుకుని కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. మోకాళ్ల నొప్పేమోనని కంగారుపడ్డాడు.

"నొప్పి కాదండీ. మీరు ట్రిప్పుకెళ్లే ప్రతి పొద్దునా ఈ చప్పుడుకే మెలకువొచ్చి కళ్లు తడిసేవి. మీరు మలుపు తిరిగేదాకా ముసుగు తీసేదాన్ని కాదు."

ఆమె నిద్ర చెడుతుందని తలుపు కూడా మెల్లగా దగ్గరికేసి వెళ్లేవాడు ఆయన. అన్నేళ్లలో ఒక్కసారైనా తిరిగొచ్చి చూడలేదు. తలుపు పట్టుకుని మెట్టు మీదే నిలబడ్డాడు. బాధేసింది.

"తలుపు వేసి లోపలికి రండి, చలి," అంది ఆమె.

ఇంజన్ మోగుతూనే ఉంది. ఆమె మంచం పట్టుకుని లేచి, పొయ్యి వెలిగించి నీళ్లు పెట్టింది.