నాయన రేడియోకు ఈశాన్యం అడ్డు

మా నాయనకు రెండు కళ్లూ నీటికాసులతో దాదాపు పోయాయి. గదిలో కిటికీ ఏ వైపున ఉందో తెలుస్తుంది. ఆ కిటికీ ముందు నిలబడింది ఎవరో తెలియదు. పేపరు చదవడం మానేసి నాలుగేళ్లయింది. అప్పటినుంచి ఆయనకు లోకమంటే రేడియోనే. పొద్దున వార్తలు, రైతుల కార్యక్రమం, మధ్యాహ్నం నాటకం, సాయంత్రం కచేరీ. గిద్దలూరులో మా ఇంట్లో ఆయనకూ, ఆయనను చూసుకునే మా అక్కకూ మధ్య మాటలన్నీ ఈ కార్యక్రమాల సందుల్లోనే జరుగుతాయి.

ఆ రేడియో కొంచెం కొంచెంగా వినపడకుండా పోయింది. సెట్టు బాగానే ఉంది. ఇంటింటికీ ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, ఫోను చార్జర్లు వచ్చాక మీడియం వేవ్ మీద ఎప్పుడూ ఒకటే గుర్రు. పొద్దు గుంకితే ఇంకేదో భాష స్టేషను వచ్చి మా స్టేషను మీద కూర్చుంటుంది. నాయన సెట్టును చెవికి ఆనించుకుని, ఇటు తిప్పి అటు తిప్పి, వాక్యానికి సగం చొప్పున పట్టుకునేవాడు. "వాన పడతాదంటాడు. యాడ పడతాదో చెప్పేలోపల గురక వచ్చె" అనేవాడు.

నేను మార్కాపురంలో ఉంటాను, ఆదివారాలు వెళ్లి వస్తుంటాను. ఒకసారి బస్టాండు దగ్గర డిష్షులు అమ్మే దుకాణంలో సంగతి తెలిసింది. నెలనెలా ఏమీ కట్టనక్కర్లేని ఉచిత డిష్షులో టీవీ చానళ్లతో పాటు ప్రభుత్వ రేడియో స్టేషన్లు కూడా వస్తాయట. మా వీధిలో ఆ డిష్షు ఉన్న ఇళ్లు చాలానే ఉన్నాయి. ఈ సంగతి ఒక్కరికీ తెలియదు. రిమోట్ మీద రేడియో అని ఒక బొత్తాం ఉంటుంది. పొరపాటున దాని మీద వేలు పడితే బొమ్మ పోయిందని కంగారుపడి మెకానిక్‌ను పిలుస్తారు. అతను వచ్చి అదే బొత్తాం మళ్లీ నొక్కి చాయ్ తాగి పోతాడు. తెలుసుకోవడం మీద మనవాళ్లకు ఉన్న శ్రద్ధ అది.

దుకాణంలో అతను ఆ బొత్తాం నొక్కి వినిపించాడు. ఎక్కడో ఎవరో వీణ వాయిస్తున్నారు. తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా వినపడింది. అక్కడికక్కడే డిష్షు, పెట్టె, రెండు చిన్న స్పీకర్లు కొని, మెకానిక్‌ను వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లాను.

ఆ ఉపగ్రహం మనకు ఆగ్నేయం వైపు ఆకాశంలో ఉంటుంది. మా మిద్దె చిన్నది. దక్షిణం వైపు ఇంటివాళ్ల వేపచెట్టు ఆ దిక్కు ఆకాశాన్ని చాలావరకు కప్పేసింది. చెట్టు మొదట్లో పసుపు రాసిన రాళ్లున్నాయి కాబట్టి కొమ్మ కొట్టే మాట ఎత్తడానికి లేదు. మెకానిక్ మీటరు పట్టుకుని మిద్దె అంతా తిరిగి, చివరికి ఒక మూలలో ఆగాడు. డిష్షు నిలబెట్టి, గాలికి కదలకుండా కాళ్ల మీద పలకరాళ్లు పేరుస్తుండగా మా అక్క ఉతికిన బట్టల బకెట్టుతో పైకి వచ్చింది.

"యాడ పెడతాండావు నాయనా అది?" అని అతణ్ని అడిగింది.

"ఈడే అక్కా. సిగ్నలు ఈడొక్కచోటే ఉండాది."

"అది ఈశాన్యం. ఈశాన్యంలో బరువు పెట్టేదానికి నేను ఒప్పుకోను. తీసెయ్."

మెకానిక్ నా వైపు చూశాడు. నాకు ఒళ్లు మండింది. దీని వెనక కథ ఉంది. రెండేళ్ల కిందట ఒక వాస్తు మనిషి మా ఇంటికి వచ్చి, పెరట్లో ఈశాన్యం మూలనున్న రాతి తొట్టిని చూపించి, ఆ బరువే ఇంటి యజమాని కళ్ల మీద పడిందని చెప్పిపోయాడు. నలుగురు మనుషులను పెట్టి తొట్టిని దొర్లించి వీధిలో వేశారు. ఆ తరువాత కూడా చూపు తగ్గుతూనే వచ్చింది. నేను అదే అడిగాను.

"తొట్టి తీసినాక చూపు పెరిగిందా అక్కా?"

"తీసినాం కాబట్టే కిటికీ అన్నా కనపడతాంది."

"పెరిగితే వాస్తు గొప్ప. తగ్గితే, వాస్తు చూడకుంటే ఇంకా తగ్గేదంటావు. మరి వాస్తు తప్పని ఎప్పుడు తేలేది?"

"నాకేం తెలుసు? నువ్వే చెప్పు, సదువుకున్నోడివి."

"పోయిన ఎండాకాలం ఇదే మూలలో ఎండుమిరపకాయలు పోసినావు గదా. దానికి బరువు లేదా?"

"అవి ఆరబోసినవి. ఆరబోసినది బరువు కిందికి రాదు."

దిక్కు అనేది మనిషి తన తోవ తెలుసుకోవడానికి పెట్టుకున్న పేరు మాత్రమేననీ, మన ఈశాన్యం పక్కింటివాడికి ఇంకొకటి అవుతుందనీ, డాక్టరు చెప్పిన వేళకు పోకుండా ఆరు నెలలు నాటుమందు పోయించినందుకు కళ్లు పోయాయి తప్ప తొట్టి వల్ల కాదనీ నేను గట్టిగానే చెప్పాను. మా హేతువాద సభల్లో వేదిక మీద చెప్పినట్టే చెప్పాను. అక్క బట్టలు ఆరేస్తూ అంతా విన్నది.

"ఇవన్నీ మీటింగుల్లో చెప్పుకో. దినానికి మూడు మాట్లు ఆయన కళ్లల్లో చుక్కలు ఏసేది నేను. ఆదివారం వచ్చి చెప్పి పోయేటోడివి నువ్వు" అన్నది.

అది వాస్తుకు సమర్థన కాదు. కానీ వాదంలో అంతకు మించిన దెబ్బ లేదు.

కిందికి దిగి నాయన దగ్గరికి పోయాను. నాకు 'ఎందుకు' అని అడగడం నేర్పినవాడు ఆయనే. చిన్నప్పుడు సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని చర్చలకు తీసుకుపోయేవాడు. దయ్యాలు ఉన్నాయనేవాళ్లు ఒక బల్ల వైపు, లేవనేవాళ్లు ఒక బల్ల వైపు కూర్చుని గంటల తరబడి వాదించుకునేవాళ్లు. తిరిగి వచ్చేటప్పుడు, ఎవరు గెలిచారని అడగకుండా, ఎవరు రుజువు చూపించారని అడిగేవాడు. అలాంటి మనిషి మంచంలో కూర్చునే ఒక్క మాట అంటే ఈ గొడవ తీరిపోతుందని నా ఆశ. జరిగింది చెప్పాను.

"తీసేయమను" అన్నాడు నాయన.

"వాస్తును నువ్వు కూడా నమ్ముతాండావా?"

"నేనేం నమ్మేది. రేపు బాత్రూములో నా కాలు జారిందనుకో, మీ అక్క ఆ డిష్షును చూసి ఏడుస్తాది. తప్పు తనదేనని ఏడుస్తాది. నేను ఎన్ని చెప్పినా వినదు. దానికి ఆ బాధ యాల?"

"మరి నీ రేడియో?"

"ఇన్నాళ్లు సగం సగం విన్లేదా? వింటాలే."

నాకు కోపం ఆయన మీద వచ్చింది, అక్క మీద వచ్చింది, ఊరూరూ తిరిగే ఆ వాస్తు మనిషి మీద వచ్చింది. అన్నిటికంటే, నాయన చెప్పింది నిజం కావడం మీద ఎక్కువ వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి ఏదో ఒకనాడు ఏదో ఒకటి కాకపోదు. జ్వరమో, పడటమో. ఆనాడు తప్పంతా డిష్షుది అవుతుంది. రుజువు కోసం మూఢనమ్మకం తొందరపడదు. ఓపికగా కూర్చుంటుంది, దాని నాడు రానే వస్తుంది. మనం మాత్రం ఈరోజే, ఈ మిద్దె మీదే, మెకానిక్ ముందరే నిరూపించాలి.

మళ్లీ పైకి వెళ్లేసరికి ఉత్తరం వైపు మిద్దె మీద పక్కింటి భాయ్ పిట్టగోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాళ్లది పరుపుల దుకాణం. మా నాయనను పెద్దనాయన అంటాడు.

"అన్నా, మీ వాదన మా దుకాణం దాకా వచ్చింది. దూది ఏకేవాళ్లు పని ఆపి వింటాండారు. మా మిద్దె మీద పెట్టుకోరాదా? ఈ గోడ దాటిస్తే సరిపాయె."

"నీకు నష్టమేమీ లేదా?" అన్నాను కోపం తగ్గక.

"మాకు వాస్తు లేదులే అన్నా. మాకు దిష్టి ఉండాది. దుకాణం ముందర గుమ్మడికాయ చూడలా?"

మెకానిక్ నవ్వాడు. అక్క కూడా నవ్వింది. "అట్ల పెట్టు నాయనా, ఆడ పెట్టు" అన్నది.

"అక్కా, వాళ్ల ఇంట్లో పెద్దోళ్లకు కళ్లు లేవా?"

"ఆ మూల వాళ్లకు ఆగ్నేయం రా. ఆగ్నేయంలో కరెంటు వస్తువు ఉండచ్చు."

డిష్షు రెండు మూరలు జరిగింది. మీటరులో అంకె ఏమీ మారలేదు. నా ఒక దినం వాదన ఫలితం రెండు మూరలు.

పెట్టె నుంచి ఎర్ర తీగ, తెల్ల తీగ స్పీకర్లకు తగిలించాడు. ఇంట్లో టీవీ లేదు కాబట్టి బొమ్మ తెచ్చే పసుపు తీగ ఊరికే వేలాడింది. మెకానిక్ తన బుల్లి టీవీలో చూసి తెలుగు స్టేషను పెట్టాడు. నాయన అలవాటుగా స్పీకరు దగ్గరికి చెవి తెచ్చి, ఉలిక్కిపడి వెనక్కి తీశాడు. వార్తలు చదివే ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోంది.

"పక్కనే కూచోని చెప్తాండాది గదా" అన్నాడు.

ఒక గంటసేపు నాకు ఎవరి మీదా కోపం లేదు.

ఆ తరువాత తెలిసింది అసలు చిక్కు. స్టేషన్ల జాబితా టీవీ తెర మీద మాత్రమే కనపడుతుంది. పెట్టె నోరు తెరిచి ఏ పేరూ చెప్పదు. కరెంటు పోయి వస్తే మొదటి టీవీ చానలుకు వెళ్లిపోతుంది, మా దగ్గర కరెంటు పోని పూట లేదు. కళ్లు లేనివాడు చెవితో వినేదాన్ని వెతుక్కోవడానికి కళ్లు ఉండాలన్నమాట. ఇది చేసినవాడు వాస్తు మనిషి కాడు. సైన్సు చదివినవాడే. ముప్పైయారు వేల కిలోమీటర్ల పైనుంచి వీణను దింపినవాడికి, దాన్ని వినేవాడు ఎవరో తలపుకు రాలేదు.

చివరికి లెక్క పెట్టుకున్నాం. రేడియో బొత్తాం ఒకసారి, కింది బాణం పద్దెనిమిది సార్లు. అక్క ఆ రెండు బొత్తాల మీద చెరొక కందిబద్ద అతికించింది. నాయన పెదవులు కదుపుతూ లెక్కపెట్టి, నేను బస్సెక్కేలోపల మూడుసార్లు తప్పు లేకుండా పట్టాడు.

మూడు వారాలు బాగానే గడిచాయి. ఒక పొద్దున అక్క ఫోన్ చేసింది. "మూడు దినాల నుంచి అరవం వస్తాంది. ఆయన ఏమీ అనడు, రిమోట్ పట్టుకుని ఊరికే కూచుంటాడు. నువ్వు రా."

జాబితాలో కొత్తవి చేర్చి వరస మార్చి ఉంటారు. చెప్పేవాడు లేడు, అడిగేవాడు లేడు. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా బస్సులో రేడియోవాళ్లకు ఒక ఉత్తరం మనసులోనే రాసుకున్నాను. చాలా గట్టి ఉత్తరం.

ఇంట్లోకి పోయేసరికి గదిలో తెలుగే వినపడుతోంది. కందికి పట్టిన పురుగు గురించి ఎవరో రైతుకు చెబుతున్నారు.

"పద్దెనిమిది గాదు, ఇరవై మూడు" అన్నాడు నాయన, నా అడుగుల చప్పుడు విని.

మొదటినుంచి ఒక్కొక్క స్టేషనే నొక్కుతూ వెళ్లాడట. పాట వస్తే ఏ భాష స్టేషనో తేలదు కాబట్టి, మనిషి మాట్లాడేదాకా ఆగాడట. కరెంటు పోతే మళ్లీ మొదటికి వచ్చాడట. ఎనిమిది అరవం, పదకొండు కన్నడం, పద్నాలుగు ఏదో తెలియదు గానీ సంగీతం బాగుంటుంది అని వరసగా చెప్పాడు.

"నన్ను పిలవచ్చు గదా. అక్కను నొక్కి చూడమని చెప్పచ్చు గదా."

"నాకు వేరే పనేముండాది?"

"ఇట్ల చెప్పకుండా మార్చడం తప్పు నాయనా. నేను రాస్తాండా వాళ్లకు."

"రాయి. రాసేది రాయాల్సిందే. మళ్లీ మారితే మళ్లీ లెక్కబెడతా. దానికోసరం నువ్వు బస్సెక్కి రాబాక."

ఉత్తరం రాశాను. ఇప్పటిదాకా జవాబు లేదు. పోయిన వారం ఇరవై మూడు కాస్తా ఇరవైయారయిందని అక్క ఫోన్‌లో చెప్పింది. మధ్యాహ్నం నాటకం మొదలయ్యేలోపలే ఆయనే కనుక్కున్నాడట.